తాళం ఎవరి దగ్గర?

రోడ్ల యార్డు వెనక రేకుల షెడ్డులో పొద్దుగూకాక ఎవరూ నోరెత్తరు.

దగ్గొస్తే నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంటారు. పానా కాలి మీద పడితే పళ్లు బిగబట్టుకుంటారే తప్ప, దాన్నీ దాన్ని చేసినవాణ్ణీ కలిపి తిట్టరు. ఎందుకంటే అక్కడ మనం ఒక మాటంటే... ఇంకో గొంతు అందుకుంటుందట. ఆ గొంతు అడిగేది ఒకటే—

“తాళం ఎవరి దగ్గర?”

ఈ సంగతి మా బావ ఆ యార్డులో డ్రైవరుగా చేరిన రోజే వాచ్‌మన్ చెవిలో వేశాడు. మా బావ నవ్వాడు. ఆయన అన్నిటికీ నవ్వుతాడు. మా అక్క వంటకి కూడా ఒకసారి నవ్వి, ఆ పూట పస్తున్నాడు. ఈ కథ నేను వాళ్లిద్దరి నోటా విన్నాను. ఒకరు చెబుతుంటే ఇంకొకరు అడ్డుపడుతూ చెప్పారు. ఆ అడ్డుపడడాలు తీసేసి చెబుతున్నాను.

ఆ గొంతు మేస్త్రిది. బావ చేరకముందు ఆ యార్డులో బళ్లన్నీ బాగుచేసింది ఆయనే. ట్రాక్టరు వెనక తగిలించే గడ్డి కోత యంత్రమంటే ఆయనకి మరీ జాగ్రత్త. చూడ్డానికి అదో ఇనప మంచంలా ఉంటుంది. అడుగున ఒక గుండ్రటి పళ్లెం, పళ్లేనికి అటొకటి ఇటొకటి బ్లేడులు. బ్లేడంటే గడ్డం గీసుకునేది కాదు. మోచెయ్యంత పొడుగు ఇనప పట్టీ. పైన ట్రాక్టరు ఇంజను తిరిగిందా, కింద అవీ తిరుగుతాయి. అడ్డం గడ్డి ఉందా, మనిషున్నాడా అని చూసుకోవు.

అందుకే మేస్త్రి దాని కిందకి దూరే ముందు గట్టిగా అడిగేవాడు— తాళం ఎవరి దగ్గర? తాళం తీసి జేబులో వేసుకున్నవాడు “నా దగ్గరే” అనాలి. అప్పుడే దూరేవాడు.

ఒక సాయంత్రం అలాగే అడిగాడు. అప్పటి డ్రైవరు “నా దగ్గరే” అన్నాడు. రోజూ అనే మాట కదా... నోటికొచ్చేసింది. తాళం మాత్రం బండికే ఉంది. కాసేపటికి ఎవరో వచ్చి, దారికడ్డంగా ఉందని ట్రాక్టరు తీయబోయారు.

అంతే.

ఆ తర్వాత జనం షెడ్డులో మాట్లాడడం మానేశారు. ఆ ప్రశ్న అడగడం మరీ మానేశారు. దెయ్యం అడిగే మాట మనమెందుకు అడగాలి అని భయం. తాళం ఎక్కడుందో ఎవరిది వాళ్లు మనసులో అనుకుని, గప్‌చుప్‌గా పని చేసుకుపోయేవారు.

“రాత్రిళ్లు టంగు టంగుమని చప్పుడొస్తుంది బాబూ,” అన్నాడు వాచ్‌మన్.

“బ్లేడులు బోల్టుకి వదులుగా వేలాడతాయి తాతా. రాయి తగిలితే వెనక్కి మడుచుకోవాలి కదా. కింద పిల్లి దూరినా ఊగి టంగుమంటాయి,” అన్నాడు బావ.

అది నిజమే. బావ చెప్పిన వాటిలో నిజాలు కూడా ఉంటాయి.

ఆ రోజు బస్సు మలుపు దగ్గర గడ్డి కోస్తుంటే, పొదలో దాక్కున్న బండరాయి బ్లేడుకి తగిలింది. యంత్రం జ్వరమొచ్చినట్టు వణకడం మొదలుపెట్టింది. అలాగే ఈడ్చుకుంటూ షెడ్డుకి తెచ్చాడు. మలుపులో గడ్డి ఎదిగి ఎదురొచ్చే బండి కనపడట్లేదని అందరూ గోల పెడుతున్నారు. సూపర్‌వైజరు వచ్చి, “రేపు పొద్దున్నే బండి అక్కడుండాలి. లేకపోతే నువ్వు ఇంట్లో ఉంటావు,” అనేసి పోయాడు. యార్డు వెనకే బావకిచ్చిన చిన్న క్వార్టరు. ఉద్యోగం పోతే ఆ ఇల్లూ పోతుంది. మా బావ నవ్వలేదు.

యంత్రాన్ని పైకి లేపాడు. కింద చెక్క దిమ్మలు పెట్టాడు. ఇంజను ఆపి, తాళం తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. అంతవరకూ అంతా పద్ధతిగానే చేశాడు. అయితే ఇంజనుని బ్లేడులతో కలిపే లివరు ఒకటుంటుంది. దాన్ని విడదీయాలి. విడదీస్తే నట్టు తిప్పుతుంటే పళ్లెం కూడా గిర్రున తిరిగిపోతుంది, పట్టు దొరకదు. పని తొందరగా తెమలాలని... లివరు కలిపే ఉంచాడు. వాళ్లందరూ అలాగే చేస్తారట. ఇంజను ఆగి ఉన్నంతసేపూ ఫరవాలేదట!

నట్లు మొరాయించాయి. పానాకి పైపు తొడిగి, దాని మీద వేలాడితే గానీ కదల్లేదు. ఒళ్లంతా చెమటలు. బయటికొచ్చి చొక్కా విప్పి స్టీరింగుకి తగిలించాడు. మళ్లీ దూరి బ్లేడులు రెండూ ఊడదీశాడు. ఒకటి సొట్టపోయి పన్నూడినట్టుంది. పక్క వర్క్‌షాపుకి పోయి ఆ రెంటినీ సాన పట్టాడు. ఒకటే అరగదీస్తే రెండోది బరువై యంత్రం మళ్లీ వణుకుతుంది. అటొకటి ఇటొకటి అరచేతుల్లో పెట్టుకుని తూచుకున్నాడు. కవలపిల్లలకి పాలు సమంగా పంచే తల్లిలా అంత ఓపిక ఆయనకెక్కడిదో నాకు తెలీదు.

తిరిగొచ్చేసరికి చీకటి పడింది.

షెడ్డులో బల్బు ఎప్పుడో పోయింది. కొత్తది పెట్టడానికి అందులో నిచ్చెనెక్కే ధైర్యవంతుడు ఇంకా పుట్టలేదు. బావ ఫోను లైటు వేసుకుని, వెల్లకిలా జరుగుతూ మళ్లీ యంత్రం కిందకి దూరాడు. పదును తిరిగే దిక్కుకే ఉందో లేదో వేలితో తడిమి చూసుకుంటూ ఒక బ్లేడు బిగించాడు. రెండోది బోల్టుకెక్కించి, నట్టు చేత్తో తిప్పుతున్నాడు...

ఫోను ఆరిపోయింది.

కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. తన ఊపిరి తనకే వినపడుతోంది. మొహానికి జానెడు పైన సాన పట్టిన ఇనుము.

టంగ్...

‘గాలి,’ అనుకున్నాడు బావ. గాలి లేదు.

అప్పుడు వినపడిందట. అరుపు కాదు. పక్కన పడుకున్న మనిషి మాట్లాడినంత మెల్లగా—

“తాళం ఎవరి దగ్గర?”

వాచ్‌మన్ ఆటపట్టిస్తున్నాడనుకున్నాడు. గుండె మాత్రం అలా అనుకోలేదు. అయినా పౌరుషం ఒకటేడిసిందిగా.

“నా దగ్గరే,” అన్నాడు. ఆ మాట గొణిగినట్టు వచ్చింది.

ఎక్కడో ట్రాక్టరు ఇనుము కిర్రుమంది... ఎవరో మెట్టు మీద కాలేసినట్టు.

మళ్లీ ఆ గొంతు. ఈసారి చెవి పక్కనే.

“చెయ్యి పెట్టి చెప్పు.”

బావ చెయ్యి దానంతటదే గుండె మీదికి పోయింది. అక్కడ జేబు లేదు. చొక్కా లేదు. తడి ఒళ్లుంది, అంతే.

చొక్కా ఎక్కడ తగిలించాడో అప్పుడు గుర్తొచ్చింది. లివరు ఎలా వదిలేశాడో కూడా గుర్తొచ్చింది. అరుద్దామంటే నాలుక పిడచకట్టుకుపోయింది. వీపు చీరుకుపోతున్నా చూసుకోకుండా పాక్కుంటూ బయటపడ్డాడు. ట్రాక్టరు పట్టుకుని పైకి లేచాడు—

సీటు మీద ఎవరో కూర్చుని ఉన్నారు.

భుజాన బావ చొక్కా. చెయ్యి తాళం మీద. తాళం బండికి పెట్టి ఉంది... తిప్పబోతోంది.

బావ ఒక్క ఉదుటున ఆ మణికట్టు పట్టుకున్నాడు. అటునుంచి వచ్చిన కేకకి రేకుల మీద పావురాలన్నీ లేచిపోయాయి. ఆ కేక నాకు తెలుసు. చిన్నప్పుడు బల్లి కనపడితే మా ఇంట్లో వినపడేది అదే.

మా అక్క.

“ఏం చేస్తున్నావే!”

“లైట్లు... బండి లైట్లు వేద్దామని...” ఇంకా భోజనానికి రాలేదని క్యారియరు పట్టుకొచ్చిందట. షెడ్డంతా చీకటి. చొక్కా స్టీరింగుకి వేలాడుతోంది, మనిషి లేడు. పిలుద్దామంటే అక్కడ నోరెత్తకూడదు కదా! జేబులో తాళం చేతికి తగిలింది. ఏ కాస్త తిప్పితే లైట్లు వెలుగుతాయో, ఎక్కడిదాకా తిప్పితే ఇంజను లేస్తుందో ఆవిడకేం తెలుసు?

“ఇంతలో చీకట్లోంచి ‘నా దగ్గరే’ అని ఎవరో మూలిగారండీ. దెయ్యమే అనుకున్నా. తొందరగా వెలుగొస్తే చాలని...”

బావ కింద కూలబడిపోయాడు. అక్కకి అప్పటికి అర్థమై, ఆయన తల ఒళ్లోకి లాక్కుని ఏడ్చింది. నా చేత్తో నేనే చంపుకునేదాన్ని కదా అని ఏడ్చింది. ఇది చెప్పేటప్పుడు కూడా ఏడ్చింది. నేను వెటకారం చేయబోయి ఊరుకున్నాను.

కాసేపటికి బావ అడిగాడు.

“తాళం ఎవరి దగ్గరని నువ్వేగా అడిగింది?”

అక్క మొహం తుడుచుకుని ఆయన్ని వింతగా చూసింది.

“తాళం నా చేతిలో పెట్టుకుని నేనెందుకు అడుగుతానండీ?”

ఆవిడకి వినపడింది ఒక్క గొంతే. బావది.

మర్నాడు బండి మలుపు దగ్గరుంది. ఇల్లూ నిలిచింది. ఎవరో అడిగారనీ, అందువల్ల బతికాననీ బావ యార్డులో చెప్పాడు. ‘చెయ్యి పెట్టి చెప్పు’ అన్న రెండో మాట మాత్రం మా ఇద్దరికి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే పిచ్చివాణ్ణనుకుంటారని సిగ్గట. మొదటి మాటకి అనుకోనట్టు!

నేను చూడ్డానికెళ్లినప్పుడు, మేస్త్రి భార్యని ఒకసారి కలిసి రావాలని అక్క పట్టుబట్టింది. ఆవిడ కుట్టుపని చేసుకుంటూ ఒంటరిగా ఉంటోంది. ముగ్గురం వెళ్లాం. బావ నీళ్లు నమిలి నమిలి, తాళం ఎవరి దగ్గరని అడిగిన గొంతు వల్ల బతికానని మాత్రం చెప్పాడు.

ఆవిడ కుట్టడం ఆపింది.

“అంతేనా బాబూ? ఇంకేం అనలేదా?”

బావ చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది.

“ఇంట్లో రోజూ ఇదే గోల. గడియ వేశావా అంటాడు, వేశానంటాను. ఊరుకుంటాడా? చెయ్యి పెట్టి చెప్పు అంటాడు. లేచి గడియ మీద చెయ్యి పెట్టేదాకా నిద్రపోనిచ్చేవాడు కాదు.” సూది వైపే చూస్తోంది ఆవిడ. “ఆ రోజు డ్రైవరుని పట్టుకుని అడిగాను. నిన్ను చెయ్యి పెట్టి చెప్పమన్నాడా అని. అనలేదన్నాడు ఆ ముండాకొడుకు. పొద్దుపోతోందని ఆ ఒక్కరోజూ అనలేదట... నీతోనూ అనలేదా?”

“అన్నాడు పిన్నీ,” అన్నాడు బావ. ఆయన గొంతు అలా పలకడం నేనెప్పుడూ వినలేదు. “మెల్లగా అన్నాడు.”

ఆవిడ తలూపింది. కళ్లు తుడుచుకోలేదు. చీకటి పడుతోంది, వెళ్లిరండమ్మా అంది.

మేం గడప దాటాం. వెనక తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడైంది. అక్క చెప్పులు తొడుక్కుంటుంటే, లోపలినుంచి ఆవిడ గొంతు వినపడింది. విసుగ్గా, మెల్లగా... రోజూ అనే మాటలాగే—

“వేశానండీ... ఇదిగో, చెయ్యి పెట్టే చెబుతున్నా.”