ఉప్పు చౌకీ దగ్గర కాటి మామయ్య

దొరవారిసత్రానికి తూర్పుగా, పులికాట్ ఒడ్డున పాత ఉప్పు చౌకీ ఒకటి ఉండేది. తెల్లవాళ్ల కాలంలో ఉప్పుకు కాపలా ఉన్న అక్కడి జవాను ఉరి పోసుకున్నాడట. పొద్దుగూకాక ఆ దోవన చేపల గంపతో పోతే గంప ఖాళీ అవుతుందని చెప్పుకునేవాళ్లు. గంపలు ఖాళీ చేయడం మాత్రం ఆ జవాను బతికుండగానే నేర్చిన విద్య.

నాకీ సంగతి చెప్పింది కామాక్షమ్మ. పంతొమ్మిది వందల అరవై రెండు ప్రాంతంలో ఆ చౌకీ పక్క ఊళ్లో గ్రామసేవిక.

అప్పట్లో పంచాయతీ రేడియోలో శనివారం శనివారం దెయ్యాల నాటకం వచ్చేది. వారానికో కథ. ముందూ వెనకా మాట్లాడేవాడు మాత్రం ఒకడే — కాటి మామయ్య. పిల్లలకు రేడియో అన్నయ్య, అక్కయ్య ఉన్నట్టు దెయ్యాలకు ఈయన. నూతిలోంచి వచ్చినట్టుండే గొంతు. చివర్న ఒకటే మాట: "దీపం ఆర్పండి... ఎవరు పిలిచినా పలక్కండి... పిలిచేది నేనే కావచ్చు..."

పిల్లల తిండి గురించి కామాక్షమ్మ చెబితే ఆవులించే జనం, దీనికి రెప్ప కొట్టేవాళ్లు కాదు.

ఒక శనివారం రాత్రి ఎప్పట్లాగే కాటి మామయ్య ఆ మాట చెప్పి నవ్వాడు. రేడియో చూసుకునే చెంచయ్య లేచి కట్టేశాడు.

గొంతు ఆగలేదు.

"ఎవరక్కడ...? నన్ను రక్షించండి..."

అదే గొంతు. చౌకీ వైపు నుంచి.

చెంచయ్య మీట తిప్పి చూశాడు. రేడియో ఆగే ఉంది.

"క్రమక్రమంగా... దిగబడుతున్నాను..."

"పలకబాకండి!" చెంచయ్య గుసగుసలాడాడు. "ఆయనే చెప్పినాడు గదా!"

అంతే. జనం ఇళ్లకు పరుగు. తలుపులు ఒకటొకటే మూతపడ్డాయి.

ఆ అరిచేది నిజంగా కాటి మామయ్యే. అసలు పేరు పద్మనాభయ్య. ఒక్క దెయ్యపు చోటూ చూడకుండా అన్ని కథలు నడిపిన మనిషికి, ఈ చౌకీని చూసి రావాలని బుద్ధి పుట్టింది. ఆ వారం మాటలు ముందే టేపు మీద పట్టించి, బస్సు దిగి అడ్డదోవ పట్టాడు. అక్కడి నేల పైకి ఎండి పెచ్చు కట్టి ఉంటుంది. కింద అడుసు. నడుం దాకా దిగిపోయాడు. కదిలిన కొద్దీ ఇంకా దిగుతున్నాడు.

పిలిచాడు... పిలిచాడు... ఊళ్లో దీపాలు కూడా ఆరిపోయాయి. చెప్పిన మాట వినే శ్రోతలు.

అడుసు రొమ్ము దాకా వచ్చేసరికి నూతి గొంతు చీలిపోయింది. సన్నగా, కీచుగా మరో గొంతు బయటికొచ్చింది.

"అమ్మా! సచ్చిపోతుండా! ఎవురన్నా రాండమ్మా!"

చేపలమ్మే నాగులమ్మ తలుపు తీసింది.

"దెయ్యానికి అమ్మెందుకు? ఎవురో మన నెల్లూరోడే," అంటూ పడవ గెడ భుజాన వేసుకుంది. కామాక్షమ్మ లాంతరు పట్టుకుని వెనకే నడిచింది. నాగులమ్మ పెచ్చు మీద బోర్లా పడుకుని పాకింది. గెడ చాచింది. చెంచయ్య కూడా వచ్చి ఆమె కాళ్లు పట్టుకుని లాగాడు — నోరు మాత్రం విప్పలేదు.

పద్మనాభయ్య బతికాడు. నాగులమ్మ ఇంట్లో వేడి గంజి తాగి, ఆమె మొగుడి పంచె కట్టుకుని, తెల్లారి బస్సుకు పోయాడు. ఆమె పేరైనా అడగలేదు.

తర్వాతి శనివారం రేడియో చుట్టూ ఊరంతా చేరింది.

"ఇది కథ కాదు... నాకే జరిగింది..." నూతి గొంతు మళ్లీ వచ్చేసింది. "ఉప్పు చౌకీ దగ్గర... చీకట్లో... జుట్టు విరబోసుకుని ఒకతె నేల మీద పాక్కుంటూ వచ్చింది. దాని చెయ్యి బారలు బారలు సాగింది... నన్ను పట్టి లాగింది... అది పోసిన గంజి తాగాను. తెల్లారి చూద్దును గదా... దాని పాదాలు... వెనక్కి తిరిగి ఉన్నాయి!"

చెంచయ్య రేడియో కట్టేశాడు. నాగులమ్మ పక్కన కూర్చున్నవాళ్లు మెల్లగా దూరం జరిగారు. అందరి కళ్లూ ఆమె కాళ్ల మీదికి పోయాయి... కామాక్షమ్మవి కూడా.

నాగులమ్మ చీర కుచ్చిళ్లు కాస్త పైకెత్తి... తనూ చూసుకుంది.