అద్దం అంచున బొట్టుబిళ్లలు

జూలియాకు నా భుజం మీద జాలి లేదు.

మా ఊరి పక్క ఆవని ఊరికి పోయే రోడ్డులో బైకు మీంచి పడ్డాక, కదిపితే విరుగుతుందని ఊరంతా చెబితే విని, మూడు నెలలు చెయ్యి మెడకు వేలాడదీసుకుని తిరిగాను. మా ఊళ్లో డాక్టరు తప్ప అందరూ వైద్యం చేస్తారు. భుజం బిగుసుకుపోయి, చెయ్యి రొమ్ము దాటి లేవడం మానేసింది. అప్పుడు కేజీఎఫ్‌లో ఫిజియోథెరపీకి వెళ్తే ఈవిడ తగిలింది.

"మూడు నెలలు కదపలేదా? రాగిముద్దైనా గట్టిపడతాది సార్," అంది.

బల్ల మధ్యలో అద్దం నిలబెట్టి, నొప్పి చెయ్యి దాని వెనక దాచమంది. మంచి చెయ్యి ముందు ఆడిస్తూ అద్దంలోకే చూడాలట. అందులో లేచేది నొప్పి చెయ్యేనని బుర్ర నమ్మితే భయమూ నొప్పీ తగ్గుతాయట. బుర్రను మోసం చేయడం అంత సులభమా అని అడిగాను.

"మీ బుర్రకైతే చిన్న అద్దం చాలు."

నాకు కోపం రావాలి. రాలేదు. వారానికి మూడు రోజులు ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కాను. చెయ్యి భుజం ఎత్తుకు లేచిన రోజు నాకంటే ముందు ఆమె నవ్వింది. దాంతో నా పని అయిపోయింది.

ఇంట్లో ఎలా చేస్తున్నానో వీడియో పంపమంది. మా చెల్లెలు పవిత్ర వాడుకునే అద్దం తెచ్చుకుని, శ్రద్ధగా చేసి పంపాను.

మర్నాడు ఆమె నవ్వలేదు. ఇంట్లో చూసుకునేవాళ్లు ఉన్నారు కదా, శనివారం తర్వాత రానక్కర్లేదంది. తప్పుగా ఎత్తానేమోనని వీడియో పదిసార్లు చూశాను. చెయ్యి బాగానే లేచింది. ఆమెను ఇక చూడలేనేమోనని నాకు అన్నం దిగలేదు.

పవిత్ర ఒక్కసారి చూసి తల కొట్టుకుంది.

"చెయ్యి కాదన్నా, అద్దం చూడు. అంచంతా నా బొట్టుబిళ్లలే. ఆ యమ్మ నీకు పెండ్లాం ఉండాదనుకునింది."

ముఖం కడుక్కునే ముందు బొట్టుబిళ్ల తీసి అద్దానికి అంటించడం మా ఇళ్లలో అలవాటు. పుట్టినప్పటి నుంచీ అలాంటి అద్దాల్లోనే తల దువ్వుకుంటున్న నాకు అవి కనిపిస్తేగా.

శనివారం వెళ్లి ఆమె ఎదుట నిలబడ్డాను.

"ఆ బొట్లు మా చెల్లెలివి మేడమ్. నాకు పెండ్లి కాలేదు."

"ఎవరివైతే నాకేంది?" అంది గానీ, చేతిలో ఫైలు కింద పెట్టింది.

ఇంకో అవకాశం రాదని తెలుసు. ఆమె అంటే ఇష్టమని, చెయ్యి బాగైతే ఆమెను చూసే సాకు పోతుందని రోజూ భయపడ్డానని చెప్పేశాను.

ఆమె బల్ల మీది అద్దాన్ని పక్కకు జరిపింది.

"మాది చర్చికి పోయే ఇల్లు. నేను బొట్టు పెట్టను. రేపు మీ అమ్మ పెట్టమన్నా పెట్టను. అప్పుడేం చేస్తారు?"

"అద్దం శుభ్రంగా ఉంటాది."

నవ్వు ఆపుకోలేకపోయింది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"ముందు మీ అమ్మకు చెప్పండి. ఆమె సరే అంటే ఆదివారం చర్చి అయినాక ఇద్దరూ మా ఇంటికి రండి," అంది. "మా నాయన ముందర మాత్రం ఇంత తెలివి చూపించొద్దు."