నాలుగో క్లాజులో 'మరియు'

సభలో అన్న ప్రతి మాటా అక్షరం పొల్లుపోకుండా రాసే రిపోర్టర్ల గదిలోకి అలా తలుపు తోసుకుని రావడం మర్యాద కాదని, న్యాయశాఖలో బిల్లులు రాసే ఆ కుర్రాడికి తెలియక కాదు. తెలుసు. కానీ ఆ మధ్యాహ్నం అతనికి ఒళ్ళు మండిపోతోంది.

ఆఫీసులో అందరూ అతన్ని కామా అంటారు. ఒక్క కామా కోసం పై ఆఫీసరుతో మూడు రోజులు వాదించి గెలిచాడు లెండి, అప్పట్నుంచీ. ఇంకొకడైతే సిగ్గుపడేవాడు. ఇతను కాలరు ఎగరేస్తాడు.

"ఈ పేజీ టైపు చేసిందెవరండీ?" అన్నాడు చేతిలో కాయితం ఊపుతూ.

కిటికీ పక్క బల్ల దగ్గర ఒకమ్మాయి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంది. ఒక చెవి మీదది పక్కకి జరిపి, "నేనే. మెల్లిగా అడిగినా నేనే," అంది.

కామా గొంతు తగ్గించాడు. ఎందుకు తగ్గించాడో అతనికి అర్థం కాలేదు. మనకి అర్థమైంది కదా, చాలు.

"అంతర్జాతీయ నేరాల చట్ట సవరణ బిల్లు. పొద్దున మంత్రిగారు సభలో నాలుగో క్లాజు చదివారు. 'ఆజ్ఞ ఇచ్చిన లేదా అమలు జరిపిన వ్యక్తి శిక్షార్హుడు' అని టైపు కొట్టారు మీరు. బిల్లులో ఉన్నది 'లేదా' కాదు, 'మరియు'. దిద్దండి."

"మంత్రిగారు 'లేదా' అన్నారు."

"ఆవిడ బిల్లు చూసే చదివారు. ఆ బిల్లు రాసింది నేను."

"బిల్లు మీది. నోరు ఆవిడది. నాకు ఆవిడ నోటితోనే పని." హెడ్‌ఫోన్స్ తీసి అతని ముందుకు తోసింది. "వినండి."

విన్నాడు. మంత్రిగారి గొంతు ఖంగుమంటోంది. ఆజ్ఞ ఇచ్చిన లేదా అమలు జరిపిన. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. మూడోసారి తిప్పబోతుంటే ఆమె, "ఎన్నిసార్లు తిప్పినా ఆవిడ మనసు మార్చుకోరండీ," అంది.

"సరే, తడబడి ఉంటారు. మీరు దిద్దేస్తే గొడవ వదిలిపోతుంది కదా! ఒక్క మాట!"

"ఒక్క కామాకి మూడు రోజులు వాదించింది మీరే కదూ?"

కామా ఖ్యాతి రెండంతస్తులు దిగి ఇక్కడిదాకా వచ్చిందన్నమాట.

ఆమె కుర్చీ ఇటు తిప్పుకుంది. నవ్వు దాచుకోవడానికి పెన్ను మూత కొరుకుతోంది. "ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఒక సైనికాధికారి ఊరు తగలబెట్టమన్నాడు. సిపాయి తగలబెట్టాడు. మీ క్లాజు ప్రకారం ఆ అధికారి దొరుకుతాడా?"

"ఎందుకు దొరకడూ? ఆజ్ఞ ఇచ్చాడుగా!"

"అమలు జరిపాడా?"

"అబ్బే, అమలు జరిపింది సిపా..."

"పోనీ సిపాయి దొరుకుతాడా?"

"అతను ఆజ్ఞ... ఇవ్వలేదు."

"మరి దొరికేదెవరండీ? తనకి తానే హుకుం జారీ చేసుకుని, తానే పరిగెత్తుకెళ్ళి నిప్పు పెట్టినవాడా? అలాంటివాడు ఎక్కడైనా ఉంటే నాకూ చూపించండి, సరదాగా చూస్తాను."

కామాకి అప్పుడు గుర్తొచ్చింది. మొదట ఆ క్లాజులో రెండు వాక్యాలుండేవి. ఆజ్ఞ ఇచ్చినవాడికో వాక్యం, అమలు జరిపినవాడికో వాక్యం. చూడ్డానికి అందంగా ఉంటుందని ఇతనే రెండూ కలిపేసి మధ్యలో 'మరియు' అతికించాడు. ఆ తర్వాత ఏడుగురు చదివి సంతకాలు పెట్టారు. మనుషులు మాట్లాడుకునేటప్పుడు ఎవరూ అనని మాట కదా అది, కాయితం మీద కళ్ళు దాన్ని దాటేసి పోతాయి. పైకి చదివిన మంత్రిగారి నాలుకకి మాత్రం అది ఎక్కలేదు. తనకి తెలియకుండానే సరైన మాట పలికేశారు ఆవిడ.

కామా ఎదురు కుర్చీలో కూలబడ్డాడు. ఆమె గ్లాసుతో నీళ్ళిచ్చింది. ఆ నీళ్ళు తాగకుండా నమిలాడు.

"రేపు పదకొండింటికి ఓటింగు," అన్నాడు. "ఇది నా మొదటి బిల్లు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. రేపటికి ఇలా పోనిచ్చి, వచ్చే ఏడాది చిన్న సవరణ పెట్టించి మెల్లిగా..."

ఆమె మొహంలో నవ్వు పోయింది.

"మా అమ్మమ్మకి డెబ్భై తొమ్మిది. వచ్చే ఏడాది దాకా ఆగమని చెప్పనా?"

కామాకి అర్థం కాలేదు.

"నలభై ఏళ్ళ కిందట యుద్ధంలో వాళ్ళ ఊరు తగలబెట్టారు. ఇద్దరు తమ్ముళ్ళు పోయారు. కోర్టులో సిపాయి 'పైవాళ్ళు చెప్పారు' అన్నాడు. పైవాడు 'నేను అగ్గిపుల్ల కూడా ముట్టుకోలేదు' అన్నాడు. ఇద్దరూ హాయిగా ఇళ్ళకి పోయారు. పాత కేసులకి ఈ చట్టం వర్తించదని ఆవిడకీ తెలుసు. ఇక మీదట ఎవడూ అలా అని తప్పించుకోలేడని చెవులారా వినాలట. రేపు గ్యాలరీకి వస్తోంది. నిన్ననే చెప్పులు తుడుచుకుని గుమ్మం దగ్గర పెట్టుకుంది."

కామాకి తను ఇందాక అన్న మాటకి తన మీద తనకే అసహ్యం వేసింది. లేచాడు.

"ఆ టేపు కాపీ ఇప్పించండి. మంత్రిగారి దగ్గరికి వెళ్తాను. మీరూ రండి."

"రిపోర్టర్లు బిల్లుల్లో వేలు పెట్టకూడదు, రాను. కాపీ మాత్రం అడిగినవాళ్ళకి ఇస్తాం," అంది. ఇస్తూ ఇస్తూ, "భయంగా ఉందా?" అని అడిగింది.

"చచ్చేంత."

"అయినా వెళ్తున్నారుగా," అంది. ఆ మాట పట్టుకునే కామా కారిడారంతా నడిచాడు, లేకపోతే సగంలోనే తిరిగొచ్చేవాడు.

మంత్రిగారు కళ్ళజోడు ముక్కు మీదకి దించి అంతా విన్నారు.

"మీ పై ఆఫీసరు చూడలేదటయ్యా దీన్ని?"

ఏడు సంతకాలు కామా నాలుక చివరిదాకా వచ్చాయి. వాటిలో ఏ ఒక్కటి చెప్పినా భారం సగం దిగేది.

"చూశారండీ. కానీ రాసింది నేను. తప్పు నాదే."

ఆవిడ టేపులో తన గొంతు తనే విని పకపకా నవ్వారు. "చూశావా, నీకంటే నా నోరే నయం! రేపు సవరణ నేనే పెడతాను. నీ సంగతి తర్వాత చూస్తాను, వెళ్ళు."

ఆ 'తర్వాత చూస్తాను' కామాకి ఆ రాత్రి కునుకు పట్టనివ్వలేదు.

మర్నాడు సభలో మంత్రిగారు సవరణ పెట్టగానే ప్రతిపక్షం లేచింది. "ఒక్క మాట కోసం సభని ఆపుతారా? ఏ మహానుభావుడండీ రాసిందీ?"

అధికారుల బెంచీ మీద కామా నేలలోకి కుంగిపోయాడు.

"ఒక కుర్రాడు," అన్నారు మంత్రిగారు. "సభలో ఎవరూ పట్టుకోకముందే తనే వచ్చి తప్పు నాదే అన్నాడు. పాతికేళ్ళుగా ఈ భవనంలో ఉన్నాను, ఈ మాట వినడం ఇదే మొదటిసారి. మీరెవరైనా విన్నారా అధ్యక్షా?"

సభంతా గొల్లుమంది. అటువాళ్ళూ నవ్వారు, ఇటువాళ్ళూ నవ్వారు. సభ మధ్య బల్ల దగ్గర రాసుకునేటప్పుడు రిపోర్టర్లు తలెత్తరు, అది వాళ్ళ పద్ధతి. ఆమె ఎత్తింది. నేరుగా అతన్నే చూసింది. పాపం, ఒక వాక్యం తప్పిపోయి పక్కావిణ్ణి అడిగి రాసుకోవలసొచ్చింది.

'మరియు' పోయింది, 'లేదా' వచ్చింది, బిల్లు నెగ్గింది.

బయట వాన దంచికొడుతోంది. పోర్టికోలో గొడుగు లేనివాళ్ళందరి మధ్యా ఆమె నిలబడి ఉంది. కామా దగ్గరికి వెళ్ళాడు.

"మీకు అభ్యంతరం లేనట్లయితే, మరియు మీ అభిప్రాయం కూడా... అంటే, ఒకవేళ ఇతరత్రా సంబంధాలేవీ కుదరని పక్షంలో..."

"షరతులు తీసేసి చెప్పండి."

"మీరంటే నాకిష్టం."

"ఆ!" అంది ఆమె, చెవులదాకా ఎర్రబడి. "ఇంత చిన్న వాక్యం కూడా రాయగలరన్నమాట మీరు."

"జవాబు చెప్పరా?"

"అదుగో, వస్తోంది. ముందు ఆవిడని ఒప్పించండి. నేను నిన్ననే ఒప్పుకున్నాను."

అమ్మమ్మ చేతికర్ర ఊతంగా పట్టుకుని మెట్లు దిగుతోంది. తుడిచిపెట్టుకున్న చెప్పులు అప్పుడే తడిసిపోయాయి. అతని ముందుకొచ్చి ఆగి, తలెత్తి చూసింది.

"నువ్వేనా బాబూ, ఆ మాట తప్పు రాసింది?"

"నేనేనండీ."

"తప్పు నాదే అన్నదీ నువ్వేనా?"

"నేనే అమ్మమ్మగారూ. క్షమించండి."

ఆవిడ కర్ర మనవరాలికిచ్చేసింది. రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుంది.

"నలభై ఏళ్ళు కోర్టుల్లో కూర్చున్నాను నాన్నా, ఆ ఒక్క మాట ఎవరైనా అంటారేమో అని. ఒక్కడూ అనలేదు. ఇవాళ పైన కూర్చుని విన్నాను." తర్వాత మనవరాలి వైపు తిరిగింది. "వీణ్ణి వదలకే."

కామా వాన వైపు తిరిగి, అంతమంది మధ్యా ఏడ్చేశాడు.