మూడో పిలుపు

మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక గల్లీలో ఒక పాడుబడ్డ ఇల్లుంది. దాని పెరట్లో బావి. పొద్దుగూకితే అటు ఎవరూ తొంగిచూడరు. బావిలోంచి చిన్నపిల్ల గొంతుతో "అమ్మా..." అని పిలుపు వస్తుందట. పలికితే ఇక పోయినట్టే. అయితే దెయ్యానికి మూడోసారి పిలిచే శక్తి ఉండదని గల్లీవాళ్ల నమ్మకం. అందుకని చీకటి పడ్డాక ఆ గల్లీలో మూడో పిలుపు దాకా ఎవరూ పలకరు.

అక్కడ కిరాణాకొట్టు నడిపే ఆగయ్య నాతో చెప్పిన సంగతి ఇది.

బావికి ఒకపక్క మహేశ్వరి ఇల్లు, ఇంకోపక్క కళావతి ఇల్లు. నడుమ గోడలు రెండువైపులా కూలినవే. మహేశ్వరి కూతురు సోనీకి, కళావతి కొడుకు నిఖిలేష్‌కి ఒకటే వయసు — ఐదేళ్లు. సాయంత్రమైతే తల్లులిద్దరూ పిల్లల్ని ఇంట్లో వదిలి పోయేవాళ్లు. కళావతి తలుపు దగ్గరికేసి భజనకు. మహేశ్వరి తాళం వేసి... ఎవరి దగ్గరికోనని గల్లీ అంతా గుసగుస.

"గసుంటి తల్లి ఉంటే దెయ్యం ఊకుంటదా? సోనీని గుంజుకపోతది సూడు" అనేది పాలమ్మే నాగమణమ్మ.

"మరి కళావతి పిలగాడు?" అని ఎవరన్నా అడిగితే —

"ఆమె దేవుని పని మీద పాయె. వానికేమైతది?"

అదే బావి. అదే చీకటి.

ఒకనాడు కరెంటు పోయింది. కాసేపటికి పెరటి వైపు నుంచి —

"అమ్మా..."

గల్లీ బిగుసుకుపోయింది.

"సోనీయే" అంది నాగమణమ్మ, గొంతు తగ్గించి.

ఫోన్ల లైట్లు పట్టుకుని అందరూ మహేశ్వరి ఇంటికి ఉరికారు. తాళం పగలగొట్టారు.

సోనీ చాప మీద హాయిగా నిద్రపోతోంది.

ఎవరి మొహంలోనూ సంతోషం లేదు. "రానీ ఆమెను, ఇయ్యాల తేలుద్దాం" అని గడపలోనే కాపు కాశారు.

"అమ్మా..."

ఈసారి సన్నగా... నీళ్లు మింగుతున్నట్టు.

ఆగయ్య కాలు కదిపాడు. నాగమణమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"పిల్ల ఈడనే ఉన్నది గదా... అది దెయ్యమే. పలకకు అన్నా. మూడోది రానీ."

అందరూ అక్కడే నిలబడ్డారు.

మూడోది రాలేదు.

ముందు మహేశ్వరి వచ్చింది. ఫంక్షన్‌హాల్లో గిన్నెలు తోమి తోమి నానిపోయిన చేతుల్లో, పిల్ల కోసం బగారన్నం డబ్బా. ఆ వెనకే కళావతి, ప్రసాదం పొట్లంతో. తన ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది.

"నిఖిలేష్..." అని పిలిచింది. మళ్లీ పిలిచింది. మళ్లీ...

"అంత ఆ మహేశ్వరి వల్లనే సారూ" అన్నాడు ఆగయ్య. "ఆమె పిల్లను ఇడిశి పోకుంటే మేం అటెందుకు ఉరుకుతుంటిమి?"

కళావతి ఆ ఇల్లు ఖాళీ చేసి పోయిందని, ఇప్పుడు అందులో దిగినవాళ్లకు ఒక చిన్నపాప ఉందని కూడా చెప్పాడు. కొట్టు బయట చీకటి పడింది. అంతలో పెరటి వైపు నుంచి —

"అమ్మా..."

కాసేపాగి, మళ్లీ. ఇంకా కాసేపాగి... మళ్లీ.

లేచి నిలబడ్డాను. "ఆ ఇంట్లో చిన్నపాప ఉందన్నావు గదా. మూడుసార్లు పిలిచింది, ఆగయ్యా."

అతను షట్టర్ కిందికి గుంజాడు.

"గిప్పుడు ఆ దెయ్యం మూడుసార్లు పిలుస్తది సారూ... దినాం."