కడుపులో చల్ల కదలకుండా

కాటాలు బాగుచేసేవాడికి అనుమానం చేతిపనిలో ఒక భాగం. ఖాళీ పళ్ళెం పెట్టినప్పుడు ముల్లు సున్నా దగ్గర నిలబడలేదంటే ఎవరో ఏదో చేశారన్నమాటే. పళ్ళెం అడుగున అంటించిన అయస్కాంతం ముక్కో, స్ప్రింగుకి చుట్టిన సన్నటి తీగో దొరికేదాకా అతను ఊరుకునేవాడు కాదు. అందుకే వీధిలో వాళ్ళు అతన్ని ఎదురుగా ‘సున్నాగారు’ అనీ, వెనకాల ‘అనుమానపు పక్షి’ అనీ పిలిచేవాళ్ళు. రెండూ అతని చెవిన పడ్డాయి. రెండోదే అతనికి కాస్త గర్వంగా ఉండేది.

అలాంటి మనిషి ఏడేళ్ళు తిరిగిన ఎస్‌యూవీ కొన్నాడంటే వీధంతా ముక్కున వేలేసుకుంది. కారణం ఇంట్లో ఉంది. భార్యకి రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి ఎనిమిదో నెల వచ్చింది. మాయ కిందకి ఉందనీ, కుదుపులు తగలకూడదనీ డాక్టరమ్మ ఒకటికి పదిసార్లు చెప్పింది. ఆసుపత్రి చూస్తే ఇరవై రెండు కిలోమీటర్లు. ఆ దారిలో తారు తక్కువ, గోతులు ఎక్కువ. ఈసారి కూడా ఒట్టి చేతులతో ఇంటికి రావాల్సొస్తే ఆమె తట్టుకోలేదని అతనికి తెలుసు. తనూ తట్టుకోలేడని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

బండి అమ్మిన పెద్దాయన తాళాలు చేతిలో పెడుతూ, “కడుపులో చల్ల కదలకుండా తీసుకెళ్తుంది బాబూ,” అన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ సున్నాగారి మొహం చూడలేదు. బండి వెనక అద్దం వైపే చూశాడు. ఇందులో ఏదో మతలబు ఉందని సున్నాగారు అప్పుడే అనుకున్నాడు.

మతలబు దొరకడానికి రెండు రోజులే పట్టింది. ఇంటి ముందు చదునైన గచ్చు మీద బండి ఆపి, వెనక టైరుకీ దాని పైన రేకు అంచుకీ మధ్య వేళ్ళు అడ్డంగా పెట్టి కొలిచాడు. కుడి పక్క ఆరు వేళ్ళు పట్టాయి. ఎడమ పక్క నాలుగే.

“చూశావా? చెవిలో పువ్వు పెట్టాడు,” అన్నాడు భార్యతో.

“నాకేం తెలియట్లేదండీ. నిన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొచ్చామా, ఒక్క కుదుపు తగిలితే ఒట్టు. నడుం కింద ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టుంది.”

ఆ మాట అతనికి నచ్చలేదు. ముందు సీట్లో కూర్చున్న తనకి ఎముకలన్నీ లెక్క తెలిశాయి మరి. వెనక కూర్చున్న మనిషికి ఏమీ తగలకపోవడం ఏమిటి? తను బాధపడతాడని నొప్పి దాచుకుంటోందా? పైగా వెనక తలుపు తీసినప్పుడల్లా విరిగిన పాల వాసన. “పాలు గానీ ఒలకబోశావా?” అని రెండుసార్లు అడిగాడు. ఆమె మూడోసారి అడగనివ్వలేదు.

మెకానిక్ అతని చిన్ననాటి స్నేహితుడు. వారం రోజులు బండి కిందే కాపురం ఉన్నాడు. రాయిలా బిగిసిన టైర్లలో గాలి తగ్గించాడు. ఎండి పగిలిపోయిన రబ్బరు బుష్షులన్నీ మార్చాడు. నూనె కారుతున్న షాకబ్జార్బర్లు నాలుగూ పీకి కొత్తవి వేశాడు. వెనక స్ప్రింగులు కూడా కొత్తవే ఎక్కించాడు. బండిని కిందకి దింపి, నాలుగు మూలలా నొక్కి ఊపి, “ఇక చూసుకోరా, ఉయ్యాలే!” అన్నాడు.

సున్నాగారు చెయ్యి పెట్టి చూశాడు. కుడి పక్క ఆరు. ఎడమ పక్క నాలుగు.

“ఒరేయ్, నిజం చెప్పు. పాత స్ప్రింగుకి రంగేసి ఎక్కించావు కదూ?”

మెకానిక్‌కి ఒళ్ళు మండింది. “నీ ఎదురుగానే కుడిదీ ఎడమదీ తారుమారు చేస్తా. స్ప్రింగులోనే తప్పుంటే ఇప్పుడు కుడి పక్క కుంగాలి. అప్పుడు నా మొహాన ఉమ్మెయ్.”

తారుమారు చేశాడు. కుంగింది ఎడమ పక్కే.

మెకానిక్ గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. తర్వాత గొంతు బాగా తగ్గించి, “స్ప్రింగు తప్పు కాదురా. పైన బరువుంది,” అన్నాడు.

“ఏం బరువు? లోపల ఏముందని?”

మెకానిక్ పనిముట్లు సర్దుకోవడం మొదలుపెట్టాడు. వారం నుంచీ అతను ఆ వెనక తలుపు ఒక్కసారి కూడా తెరవలేదన్న సంగతి సున్నాగారికి అప్పుడే తట్టింది.

బరువన్నాక తూచాలి. తూచడం అతని విద్య. మర్నాడు మధ్యాహ్నం వానలోనే ఊరి చివర లారీలు తూచే కాటా మీదికి బండి ఎక్కించాడు. దాన్ని ఏటా సరిచేసేది తనే కనుక దాన్ని అనుమానించే వీల్లేదు. బండిలోంచి దిగి, తలుపు వేసి, గొడుగు కింద నిలబడ్డాడు. డీజిలూ, స్టెప్నీ, జాకీ అన్నీ కలుపుకున్నా పందొమ్మిది వందల కిలోలు రావాలి.

పందొమ్మిది వందల అరవై వచ్చింది.

కాటా దగ్గర కూర్చునే అమ్మాయి గది కిటికీ తెరిచింది. “ఖాళీ బండి అన్నారుగా సార్? వెనక కూర్చున్నావిడని దించలేదేం?”

అతను తిరిగి చూశాడు. అద్దం మీద వాన ధారలుగా కారుతోంది. వెళ్ళి తలుపు తీశాడు. ఎవరూ లేరు. ఎడమ పక్క సీటు మధ్యలో పల్లంగా నొక్కుకుపోయి ఉంది. చెయ్యి పెట్టాడు. వాన గాలికి ఇనుమంతా మంచులా చల్లబడింది. ఆ పల్లం మాత్రం వెచ్చగా ఉంది.

అక్కడికక్కడే పెద్దాయనకి ఫోను చేశాడు. గట్టిగా కడిగేద్దామని మొదలుపెట్టాడు గానీ, స్ప్రింగుల మాట ఎత్తగానే పెద్దాయన అడ్డొచ్చాడు.

“మేమూ మూడుసార్లు మార్పించాం బాబూ.” తర్వాత ఊపిరి చప్పుడు. “దిగిందా?”

“ఎవరు?”

“ఒరిగే ఉందా బండి?”

“ఒరిగే ఉంది. అందుకేగా అడుగుతున్నాను!”

“అయితే ఫరవాలేదు... దిగనివ్వకండి.”

ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేస్తే మోగలేదు. ముసలాయనకి మతి పోయిందో, తననే వెర్రివాణ్ణి చేస్తున్నాడో సున్నాగారికి తేలలేదు. ఏదైతేనేం, మర్నాడే బండి వదిలించుకోవాలనుకున్నాడు.

ఆపద మర్నాటిదాకా ఆగలేదు. ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి భార్య వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. “ఏవండీ...” అంది. కాళ్ళ దగ్గర గచ్చు ఎర్రగా ఉంది.

అంబులెన్సుకి ఫోను చేస్తే గంట పడుతుందన్నారు. వీధిలో మరో బండి లేదు. ఆమెని ఎత్తుకెళ్ళి వెనక కుడి పక్కన పడుకోబెట్టినట్టు కూర్చోబెట్టాడు. ఎడమ పక్కకి చూడలేదు. చూడకూడదనుకున్నాడు.

దారంతా నీళ్ళు. గోతులు కనబడటం లేదు. నెమ్మదిగా పోతే ప్రాణం పోతుంది, వేగంగా పోతే కుదుపులకే పోతుంది. ఏడుపొచ్చింది. అయినా తొక్కాడు. మొదటి గోతికే అతని తల పైకప్పుకి కొట్టుకుంది. రెండో గోతికి పళ్ళు నాలుక మీద పడ్డాయి. వెనక నుంచి అరుపు వస్తుందని ఒళ్ళు బిగపట్టుకున్నాడు.

రాలేదు.

మూడో గొయ్యి. నాలుగోది. వెనక నిశ్శబ్దం... విరిగిన పాల వాసన... ఎవరో నెమ్మదిగా, ఊపిరితోనే లాలి పాడుతున్నట్టు చిన్న చప్పుడు. భార్యేమో అనుకున్నాడు. అద్దంలోకి చూశాడు.

ఆమె పెదాలు కదలడం లేదు. కళ్ళు మూసుకుని ఎడమ పక్కకి ఒరిగి ఉంది. తల సీటుకి ఆనలేదు. ఖాళీలో ఆని ఉంది. బండి ఎగిరింది. తల ఆనిన చోటే ఉంది.

“ఏమే... ఎలా ఉంది?”

“బాగానే ఉంది.” గుసగుసలా వచ్చింది మాట. “మీరు కంగారు పడొద్దంటోంది.”

“ఎవరు?”

అతను మళ్ళీ అద్దంలోకి చూడలేదు.

ఇంకో అరగంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదని డాక్టరమ్మ చెప్పింది. ఆడపిల్ల. గుప్పెడంత ఉంది గానీ గొంతు మాత్రం బారెడు. సున్నాగారు ఆసుపత్రి వసారాలో అందరూ చూస్తుండగా బావురుమని ఏడ్చాడు. ఏడ్చాక బండి దగ్గరికి వెళ్ళి, వెనక తలుపు తీయకుండానే, రేకు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఎవరైతేనేం, నా పిల్లని కాపాడింది, అనుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఒక తేడాని వదిలేశాడు.

వాళ్ళు ఆసుపత్రిలో ఉన్న పది రోజుల్లో ఒక పూట ఇంటికొచ్చి, పడకగది దూలానికి స్ప్రింగు ఉయ్యాల వేలాడదీశాడు. ఇంతకుముందు రెండుసార్లూ ముందే కొని, ఆనక దాచెయ్యాల్సొచ్చింది. అందుకే ఈసారి ఇప్పటిదాకా ఆగాడు. అలవాటు ఊరుకోదు కనుక, ఖాళీ ఉయ్యాల అంచు ఎక్కడ నిలిచిందో చూసి, పక్క గోడ మీద పెన్సిలుతో గీత గీశాడు. గీత పక్కన సున్నా చుట్టాడు.

పదకొండో రోజు మధ్యాహ్నం తల్లీబిడ్డల్ని ఇంటికి తెచ్చాడు. దారిలో పాప ఒక్కసారి కూడా లేవలేదు. ఇద్దర్నీ లోపల దింపి, వంట చేసి, భార్యకి పెట్టి, సాయంత్రం బకెట్టు నీళ్ళతో బండి కడగడానికి బయటికొచ్చాడు. కడుగుతూ కడుగుతూ, ఊరికే, వెనక కుడి టైరు మీద చెయ్యి పెట్టాడు. ఆరు వేళ్ళు. ఎడమ టైరు దగ్గరికి వెళ్ళాడు.

ఆరు వేళ్ళు.

నవ్వొచ్చింది. ఇన్నాళ్ళకి సరిపోయింది! వెనక తలుపు తీశాడు. సీటు చదునుగా ఉంది. పాల వాసన లేదు. ఒట్టి పాత బండి వాసన. మెకానిక్‌కి ఫోను చేద్దామని జేబులో చెయ్యి పెట్టాడు.

అప్పుడు గుర్తొచ్చింది. దిగనివ్వకండి...

బకెట్టు ఎక్కడ పడేశాడో తెలియదు. లోపలికి పరుగెత్తాడు. పడకగదిలో భార్య మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో పాప.

“మెల్లగా! ఇప్పుడే పాలు తాగి పడుకుంది. ఏమిటా పరుగు?”

ప్రాణం లేచొచ్చింది. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. “ఏం లేదు. ఊరికే.”

“మీ అక్కయ్యగారి చేతిలో ఏదో ఉందండీ,” అందామె సంతోషంగా. “ఇందాక నేను కళ్ళు మూసుకుని పడుకున్నాను. అంతసేపూ పాపని ఉయ్యాల్లో వేసి ఊపుతూనే ఉన్నారు, కిర్రుమనే చప్పుడు కూడా లేదు. వంటింట్లో ఉన్నారా?”

అక్క వచ్చేది రేపు.

ఉయ్యాల వైపు చూశాడు. ఖాళీగా ఉంది. కిటికీలోంచి గాలి వస్తోంది, తెర కదులుతోంది. ఉయ్యాల మాత్రం కదలడం లేదు. నెమ్మదిగా దగ్గరికి వెళ్ళి, గోడ మీది గీత దగ్గర చెయ్యి అడ్డంగా పెట్టాడు.

గీతకీ ఉయ్యాల అంచుకీ మధ్య రెండు వేళ్ళు పట్టాయి.

“పాపని తీసుకున్నారా? మెల్లగా ఉయ్యాల్లో వెయ్యండి,” అంది భార్య, కళ్ళు మూసుకునే.

అతను వెనక్కి తిరిగి చూసేసరికి ఆమె ఒళ్ళు ఖాళీగా ఉంది. అతని వెనక ఉయ్యాల స్ప్రింగు, మరో వేలు మేర, చప్పుడు లేకుండా సాగింది.