నలభై మూడు ఖాళీ గడులు

ఊరి జనాభా పట్టిక మీదికి మూడో జల్లెడ దిగింది. ‘నేల’ నిలువులో ‘ముంపు’ అని ఉన్న వరుసలన్నీ ఎడమ పలక మీదికి, ‘మెరక’ అని ఉన్నవి కుడి పలక మీదికి జారాయి. ఎడమవాళ్లను ఎక్కించుకొచ్చే ఎగురుబల్లలు అప్పుడే బయల్దేరాయి. కుడివాళ్లు ఇళ్లలోనే ఉండొచ్చు. సాయంత్రం నాలుగింటికి సముద్రం కట్ట దాటుతుంది. ఇప్పుడు రెండున్నర.

భూషణం మజ్జిగ తాగి, రెండు పలకల సంఖ్యలూ కూడి చూశాడు. జల్లెడవాళ్లలో ఈ అలవాటు ఇతనొక్కడికే మిగిలింది. చాదస్తమని తోటివాళ్లు నవ్వుతారు. నవ్వనీ! ఇవాళ ఊరి మొత్తం జనాభా కంటే నలభై మూడు తక్కువొచ్చాయి.

ఆ నలభై మూడు వరుసల్లో ‘నేల’ గడి ఖాళీ. అందరూ పడవల మీదే కాపురముండేవాళ్లు, ఇంటి నంబరు లేనివాళ్లు. ఖాళీ అంటే ముంపూ కాదు, మెరకా కాదు. జల్లెడ తనను ఎవర్ని అడిగితే వాళ్లనే తెచ్చింది, అడగనివాళ్లను వదిలేసింది. అలా అడుగుతూ షరతు రాసింది భూషణమే.

మొదటి వరుసలోని నూకరత్నానికి ఫోన్ చేశాడు.

“అమ్మా, మీ దగ్గరికి బల్ల వచ్చిందా?”

“ఆయ్, రాలేదండి. మా నెత్తి మీంచే రెండెల్లిపోయాయండి. సెయ్యూపినా ఆగలేదండి. పసోళ్లు తొమ్మండుగురున్నారు బాబూ!”

భూషణం ఫోన్ పెట్టేసి, బల్లలు పంచే యంత్రం పర్యవేక్షిణి వైపు తిరిగాడు. “ఖాళీ గడులవాళ్లను ముంపులో కలుపు.”

“నేల తెలియనివారికి బల్ల కేటాయించలేను. మళ్లీ గణన జరగాలి. పదకొండు రోజులు.”

“పదకొండో రోజున ఎవర్ని లెక్కపెడతావే, నీ మొహం!”

యంత్రానికి తిట్లు తగలవు. భూషణం తన వరుస తెరిచాడు. ఇంటి నంబరు 7-118, నేల ముంపు. తప్పుడు నమోదుకు ఉద్యోగం పోతుంది. రాజ్యానికి, అంటే భార్యకి, ఏం చెప్పాలో తర్వాత చూసుకోవచ్చు. ఆ నంబరును నలభై మూడు వరుసల్లోనూ ఎక్కించాడు. ఇంటి నంబరు పడగానే నేల దానంతటదే పడింది. బల్లలు వాళ్ల ఫోన్ల జాడ పట్టుకుని వెనక్కి తిరిగాయి.

మూడుంబావుకి నూకరత్నమే ఫోన్ చేసింది. “ఎక్కేశామండి! అందరం ఎక్కేశాం! మీరు సల్లగుండాలండి!”

“హమ్మయ్య!” అన్నాడు భూషణం. కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు తుడుచుకుని, హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

“7-118 నంబరుకు శిబిరంలో గదులు రెండే,” అంది పర్యవేక్షిణి. “మీ దంపతులతో కలిపి నలభై అయిదుగురు. ఎలా ఉంటారు?”

“సర్దుకుంటాం.”

తొమ్మిదేళ్లలో తొలిసారి పర్యవేక్షిణి, ఎవరూ చెప్పకుండానే, కుడి పలక మీది మెరక ఇళ్లన్నిటికీ ఒక ప్రశ్న పంపింది: మీ ఇంట్లో ఇంకెందరు సర్దుకోగలరు?

మొదటి జవాబు అరనిమిషంలో వచ్చింది. ఆరుగురు.