స్టీలు పట్టకారు

రూప హైదరాబాదు సంది పొద్దుగాల రైలెక్కి వచ్చింది. మా ల్యాబు గుమ్మంల నిలబడి, నమస్తే సుత అనకుండ అడిగింది.

“యల్లేశ్ గారూ, పేపరు పంపేశారా?”

రెండేండ్ల సంది ఫోన్ల వింటున్న గొంతు. మనిషిని చూసుడు ఇదే మొదలు. చున్నీ వానకు తడిసింది. నేననుకున్న దానికంటె పొట్టి.

“సోమవారం పంపుతం. చెప్పకుండ గిట్ల వచ్చినవేంది? తుర్విహాళకు, మీ ఇంటికి పోతున్నవా?”

“ఇంటికి కాదండీ. మీకోసమే వచ్చాను.”

నా మనసు గంతులేసింది. ఒక్క నిమిషమే.

మాది రెండు యూనివర్సిటీలు కలిసి చేసే పని. రాయచూర్ల నేను జింక్ ఆక్సైడ్‌ల కొంచెం మాంగనీసు కలిపి, గాజుబిళ్లల మీద కంటికి కనపడనంత సన్న పుల్లలు పెంచుత. ఆ బిళ్లలు పంపిస్తే రూప అక్కడ మిషన్ల పెట్టి, అయస్కాంత గుణం ఎంతున్నదో కొలుస్తది. పుల్ల ఎంత సన్నగైతే గుణం అంత పెరుగుతదని మా పేపరు. నా పీహెచ్‌డీ మొత్తం దాని మీదనే ఉన్నది.

“ఆ గుణం మీ పుల్లలది కాదండీ” అన్నది రూప. “ప్లాస్టిక్ పట్టకారు విరిగిపోతే, ఓ వారం మీ బిళ్లల్ని స్టీలు దాంతో పట్టుకున్నాను. బిళ్లల అంచులకి ఇనుము అంటుకుంది. ఆ వారం కొలిచిన మూడు బిళ్లలూ సన్న పుల్లలవే. మొన్న అంచులు కోసేసి మళ్లీ కొలిచాను. గుణం ఏమీ లేదు.”

“ఫోన్ చేస్తే అయిపోతుండె గద?”

“ఫోన్లో అయితే మీ మొహం చూడక్కర్లేదు. అది తప్పనిపించింది.”

నాకు ఒళ్లు మండింది. లేచి వరండాలకు పోయిన. వాన పడుతనే ఉన్నది.

చెప్పకపోతే ఎవరికి తెలుస్తుండె? ఆమె థీసిస్ సుత ఆ లెక్కల మీదనే ఉండె. తన పని తనే కూలగొట్టుకోని ఇంత దూరం వచ్చింది. ఆమె జాగల నేనుంటే చెప్తుంటినా? చెప్తుంటినని గట్టిగ అనుకోలేకపోయిన. సిగ్గైంది.

లోపలికి వచ్చేసరికి రూప మా గైడు సుమంగళ మేడంకు మెయిల్ రాస్తున్నది. జరిగిందంత రాసి, కింద తన పేరొక్కటే పెట్టింది. కుర్చీ గుంజుకోని కూసోని, పక్కన నా పేరు కొట్టిన.

“మీరెందుకండీ? మీరేం చేశారు?”

“ఆ మూడు బిళ్లలే అంత బాగ ఎందుకు వచ్చినయని ఒక్కనాడన్న అడిగిననా? సంబురంల మునిగిపోయిన. అది నా తప్పు.”

ఆమె కండ్లు తుడుచుకోని సెండ్ నొక్కింది. మా పేపరు పాయె.

“మీకు ఇంకో ఏడాది పడుతుంది” అన్నది మెల్లగ.

“పడనీ. ఇంకో ఏడాది నీతోని మాట్లాడొచ్చు. నువ్వంటే నాకిష్టం రూపా. ఎప్పుడో చెప్పాల్సుండె, ధైర్యం చాలలే.”

ఆమె చున్నీ కొస పిండుకున్నది. తర్వాత నవ్వింది.

“ఒక్కసారి వచ్చిన రిజల్టుని నేనింక నమ్మనండీ. మళ్లీ చెప్పండి.”

రెండోసారి చెప్పిన. మూడోసారి ఆమె చెప్పింది.